దగ్గును దాచరాదు

దగ్గు స్వయముగా వ్యాధి కాదు. ఊపిరితిత్తులలోని కఫమును వెడలగొట్టుటకు దేహము చేయు ప్రయత్నము. జలుబుతో వచ్చిన దగ్గు చాలవరకు తనంతట తగ్గును.

పసిబిడ్డ దగ్గుచున్నపుడు మనము ఊపిరిని లెక్కింపవలెను. 2 నెలలు దాటి ఏడాది నిండని శిశువు నిమిషమునకు 50 సార్లు, ఏడాది నిండి 5 ఏండ్లలోపు బిడ్డ 40 సార్లు, లేక అంతకు మించి ఊపిరి పీల్చినను, డొక్కలు ఎగురవేసినను న్యుమోనియా కావచ్చును. తక్షణమే వైద్యుని కడకు గొనిపోవలెను.

పెద్దలకు 2 వారములైనను దగ్గు తగ్గనిచో క్షయ పరీక్ష అవసరము. ప్రభుత్వాసుపత్రులలో పరీక్షయు, మందులును ఉచితము. దగ్గు తగ్గినదని నడుమ మందు మానినచో వ్యాధి మందులకు లొంగకుండ పోవచ్చును.

వెలికి వెరచి పలువురు దగ్గును దాచుదురు. ఆ వెరపును పోగొట్టి రోగిని సకాలమున ఆసుపత్రికి పంపినచో, మనము ఒక కుటుంబమును నిలిపినవారమగుదుము.