నెయ్యి కింద చల్లారిన ఇడ్లీ

హైదరాబాదులోని మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ప్రాంతాలలో ఇటీవలి సంవత్సరాలలో వెలసిన కొత్త తరహా టిఫిన్ హోటళ్లను చూడగానే గుర్తుపట్టవచ్చు. అద్దాల వెనుక పొగలు కక్కే వంటగది, నిలబడి తినడానికి వేసిన ఎత్తుబల్లలు, ఇడ్లీ కనబడకుండా పోసే నెయ్యి, ఆ నెయ్యి ధారను ఫోన్లో పట్టుకునే జనం వాటి ఆనవాళ్లు. ఆదివారం ఉదయం తొమ్మిది గంటలకు ఇటువంటి చోట అరగంట వరుసలో నిలబడినవారికి తీరా దక్కేది చాలాసార్లు చల్లారిన ఇడ్లీ, నీళ్లు కలిసిన చట్నీ, అడిగితే పలకని కౌంటరు. దీనిని యజమాని అశ్రద్ధగానో వంటవాడి చేతగానితనంగానో కొట్టిపారేయడం తేలికే గాని, అసలు లోపం ఆ హోటలు నడిచే పద్ధతిలోనే ఉంటుంది. పెట్టుబడి, శ్రద్ధ రెండూ కంటికి కనిపించే హంగుల మీదికి పోయి, కనిపించనివి రెండు వెనకబడతాయి: ఒకటి రాత్రి రుబ్బిన పిండి, రెండవది తినేవాడికి జవాబు చెప్పవలసిన మనిషి.

ముందు పిండి సంగతి. మినప్పప్పును బియ్యంతో రుబ్బిన, లేదా రుబ్బి ఇడ్లీ రవ్వతో కలిపిన పిండిలో పులుపును పుట్టించే సూక్ష్మజీవులను ఎవరూ విడిగా వేయనక్కరలేదు. అవి పప్పుతో పాటే వస్తాయి. వాటిలో ల్యూకోనోస్టాక్ మెసెంటెరాయిడిస్ అనే బాక్టీరియా ముఖ్యమైనదనీ, పిండిని పొంగించే వాయువు ప్రధానంగా దాని చలవేననీ 1965లో వెలువడిన ఒక పరిశోధన తేల్చింది. మినప్పప్పులోని మాంసకృత్తులు, జిగురు ఆ వాయువును సన్నని బుడగలుగా పట్టి ఉంచుతాయి గనుకనే ఆవిరి తగలగానే ఇడ్లీ గుల్లగా ఉబ్బుతుంది. సుమారు 30 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఈ పని పూర్తి కావడానికి 8 నుంచి 12 గంటలు పడుతుంది, అంటే ఆదివారం ఉదయం ఎందరికి మంచి ఇడ్లీ పెట్టగలరన్నది శనివారం రాత్రి గ్రైండరు ఆగిన క్షణానే తేలిపోతుంది. అనుకున్నదానికి రెట్టింపు జనం వచ్చినప్పుడు వంటగదికి మిగిలే దారులేవీ మంచివి కావు. సగం పులిసిన పిండిలో వంటసోడా కలిపితే ఇడ్లీ పొంగుతుంది గాని పులుపూ కమ్మదనమూ రావు, సోడా ఎక్కువైతే నాలుక చివర సబ్బులాంటి చేదు నిలుస్తుంది. రెండు రోజుల కింద రుబ్బి దాచిన పిండి వాడితే బుడగలు చితికిపోయి, ఇడ్లీ చదునుగా, పుల్లగా దిగుతుంది.

పిండి బాగున్నా రద్దీ దానిని చెడగొట్టగలదు. వందల పళ్లాలు ఒకేసారి అడుగుతారన్న భయంతో ఇడ్లీలను ముందుగానే ఉడికించి హాట్‌బాక్సులలో పేర్చుతారు. ఉడికినప్పుడు నీటిని పీల్చి మెత్తబడిన పిండిపదార్థం చల్లారేకొద్దీ తిరిగి బిగుసుకుంటుంది. రాత్రి మిగిలిన అన్నం తెల్లవారేసరికి పలుకుగా మారేది ఈ కారణం చేతనే. అందుకే హాట్‌బాక్సు ఇడ్లీ పైన గట్టిగా, మూతకు పట్టిన ఆవిరి నీరు కారిన చోట చెమ్మగా, రెండు విధాలా చెడి వస్తుంది.

దోసె కథ ఇంకొక రకం. వేడెక్కిన పెనం మీద దోసె మాస్టరు నీళ్లు చిలకరించి చీపురుతో ఊడ్చడం అలవాటు కొద్దీ చేసే తంతు కాదు. పెనం మరీ కాలి ఉంటే నీటి చుక్కలు ఆవిరి పొర మీద పూసల్లా దొర్లుతాయి, అప్పుడు పోసిన పిండి గరిటెకు ముద్దగా చుట్టుకొని పరచుకోదు. చుక్క పడగానే చుయ్యిమని ఆరిపోతే అదే పిండి పోయవలసిన అదను. ఒకే పెద్ద పెనం మీద ఎనిమిది పది దోసెలు వరుసగా, అదీ ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన చల్లని పిండితో పోసినప్పుడు ఇనుము వేడి కోల్పోతుంది, పిండి అంటుకుంటుంది, అట్లకాడ పెడితే చినుగుతుంది. ఎర్రగా కాలి కరకరలాడవలసిన దోసె పాలిపోయి మెత్తగా వస్తుంది. మాస్టరు ఒక్క నిమిషం ఆగితే పెనం కోలుకుంటుంది, కాని ఎదురుగా తెర మీద టోకెను సంఖ్యలు మారుతూనే ఉంటాయి.

ఈ తప్పులన్నిటినీ కప్పిపుచ్చే పని నెయ్యికి అప్పగించారు. నెయ్యి, కారప్పొడి తెలుగు నాలుకకు కొత్తవి కావు, వేడి ఇడ్లీ మీద వాటిని మించిన జోడీ కూడా లేదు. అయితే కొవ్వు నోటిని పూతలా కప్పి పులుపునూ చేదునూ మందగింపజేస్తుంది, కారం మిగిలిన రుచులను మింగేస్తుంది గనుక పిండిలోని లోపం మొదటి రెండు ముద్దలలో బయటపడదు. నిజం పళ్లెం అంచున తెలుస్తుంది: ఏసీ గాలి తగిలే హాలులో, చల్లని ఇడ్లీ చుట్టూ స్టీలు పళ్లెం మీద నెయ్యి కాసేపటికి తెల్లగా పేరుకుంటుంది. చట్నీకి ఆ ఆచ్ఛాదన కూడా లేదు. తడి కొబ్బరి, నీళ్లు కలిసిన చట్నీ ఎండాకాలంలో కొన్ని గంటలకే పులుస్తుంది. తెల్లవారుజామున ఒకేసారి రుబ్బి, రద్దీని బట్టి నీళ్లు పోస్తూ, పైన మాత్రం తాజా తాలింపు తగిలించిన చట్నీలో ఆవాలూ కరివేపాకూ తెప్పల్లా తేలుతూ వేరుగా కనిపిస్తాయి.

ఇక వడ్డన. నిలబడి తినే, ముందే డబ్బు కట్టే పద్ధతి బెంగళూరులో 1980లలో వ్యాపించిన దర్శినులది. దర్శిని అంటే తక్కువ ధరకు, తక్కువ చోటులో, పది నిమిషాలలో టిఫిన్ ముగించుకుని వెళ్లే హోటలు. కుర్చీ, సర్వరు లేకపోయినా ధర, వేగం ఆ లోటును తీర్చేవి కనుక అది న్యాయమైన బేరం. కొత్త హోటళ్లు ఆ బేరంలో ఒక వైపునే తీసుకున్నాయి: కుర్చీ లేదు, సర్వరు లేడు, ధర మాత్రం కూర్చోబెట్టి పెట్టే హోటలుతో పోటీ పడుతుంది. పాతకాలపు ఉడిపి హోటలులో తిన్న తరువాతే బిల్లు వచ్చేది, దోసె మాడితే చెప్పడానికి ఎదుట ఒక మనిషి ఉండేవాడు, డబ్బు ఇంకా తినేవాడి జేబులోనే ఉండేది. ఇప్పుడు డబ్బు ముందే చేరిపోయాక క్యాషియరు కౌంటరు వైపు చూపిస్తాడు, కౌంటరు కుర్రవాడు అద్దం వెనుకకు చూపిస్తాడు, అద్దం వెనుక ఉన్న మాస్టరుకు ఏమీ వినబడదు.

నిరీక్షణ గురించి డేవిడ్ మైస్టర్ 1985లో రాసిన వ్యాసం ఇక్కడ చక్కగా అతుకుతుంది. ఎంతసేపో తెలియని నిరీక్షణ, కారణం చెప్పని నిరీక్షణ, అన్యాయమనిపించే నిరీక్షణ గడియారం చూపిన దానికంటె ఎక్కువసేపుగా తోస్తాయని ఆయన వివరించారు. టోకెను 214 పిలిచాక 209 ఇంకా నిలబడే ఉంటే, డెలివరీ సంచులు పక్క కిటికీలోంచి ముందుగా వెళ్లిపోతుంటే, ఆ మూడూ ఒకేసారి అనుభవానికి వస్తాయి.

వినియోగదారుడు పూర్తిగా నిస్సహాయుడేమీ కాడు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ‘సేవాలోపం’ అనే మాటలో, డబ్బు తీసుకుని వాగ్దానం చేసిన నాణ్యతతో సేవ అందించకపోవడాన్ని కూడా చేర్చింది. బిల్లు మీద తప్పనిసరిగా పడే జీఎస్టీ పన్ను వేరు, హోటలు తనకోసం వేసుకునే సర్వీస్ చార్జి వేరు. రెండవదానిని అడగకుండా బిల్లులో కలపరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలై 4న మార్గదర్శకాలు ఇచ్చింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న వాటిని సమర్థించింది. తనంతట తాను పళ్లెం మోసుకున్న మనిషి దగ్గర సర్వీస్ చార్జి వసూలు చేయడం ఎంత వింతో వేరే చెప్పనక్కరలేదు. ఫిర్యాదుకు 1915 అనే జాతీయ నంబరు ఉంది. చల్లారిన ఇడ్లీ కోసం ఎవరూ వినియోగదారుల కమిషన్ మెట్లెక్కరన్నది నిజమే, హోటళ్లకూ ఆ సంగతి తెలుసు.

తెలుగు ఊళ్లలో ఈ చిక్కును ఏనాడో తప్పించుకున్నవి టిఫిన్ బండ్లు. అక్కడ పిండి ఒక గిన్నెడే, పెనం ఒకటే, పోసేవాడూ డబ్బు తీసుకునేవాడూ చాలాచోట్ల ఒక్కడే, అందువల్ల మాడిన అట్టు గురించి చెప్పడానికి ఎవరినీ వెతకనక్కరలేదు. పది గంటలకు పిండి అడుగంటితే ఆ రోజుకు వ్యాపారం ముగిసినట్టే. ఆలస్యంగా వచ్చినవారికి “అయిపోయింది, రేపు రండి” అని చెప్పి బండి కడిగేస్తారు. నెలకు లక్షల అద్దె కట్టే అద్దాల హోటలు ఆ మాట అనలేదు. పదిన్నరకు కూడా అక్కడ టోకెన్లు ఇస్తూనే ఉంటారు.