గడియారము తప్పిన సర్వరు

బడిలో గంట కొట్టు బంట్రోతు గడియారము రెండు నిమిషములు ముందు నడచినచో పిల్లలు సంతోషింతురు. ఉపాధ్యాయుడు పాఠమును కొంచెము త్వరగా ముగించును. అంతకుమించి హాని లేదు. కాని వేలకొలది విద్యార్థుల దరఖాస్తులను స్వీకరించు సర్వరు గడియారము అట్లే ముందు నడచినచో, గడువులోపల పంపిన బాలుని దరఖాస్తు గడువు దాటినట్లు నమోదు కావచ్చును. తప్పు యంత్రమునదని ఆ బాలుడెట్లు నిరూపింపగలడు?

యూనిక్స్ సంప్రదాయపు యంత్రములు 1970 జనవరి 1వ తేదీ మొదలుకొని సెకండ్లను లెక్కపెట్టుచుండును. ఆ లెక్కకు ఆధారము ఒక చిన్న క్వార్ట్జ్ స్ఫటికపు కంపనము. వేడిమి మారినచో దాని లయయు మారును. దినమునకు ఒక్క సెకండు తేడా వచ్చినను ఏడాదికి ఆరు నిమిషములగును.

ఈ లోపమును దిద్దుటకు అమెరికా శాస్త్రజ్ఞుడు డేవిడ్ మిల్స్ రూపొందించిన పద్ధతి 1985లో ప్రకటితమైనది. దానికి నెట్‌వర్క్ టైమ్ ప్రోటోకాల్ అని పేరు. యంత్రము మరియొక యంత్రమును వేళ అడుగును. ప్రశ్న పోయి జవాబు వచ్చుటకు పట్టిన కాలమునుగూడ లెక్కలో చేర్చుకొనును. ఈ గొలుసు తుదకు పరమాణు గడియారమును చేరును.

అయినను గడియారము తప్పినచో ఏమి చూడవలెను? తేడా సరిగా అయిదున్నర గంటలైనచో స్ఫటికమును నిందింపరాదు. అంతర్జాతీయ కాలమునకు, భారత కాలమునకు నడుమ ఎవరో పొరబడినారు. అట్లు కానిచో, వేళ దిద్దు ప్రోగ్రాము నడచుచున్నదా యని చూడవలెను. నడచుచున్నను జవాబు రానిచో, 123వ పోర్టును ఫైర్‌వాల్ అడ్డగించుచున్నదేమో పరీక్షింపవలెను. తేడా వెయ్యి సెకండ్లు మించినచో మిల్స్ ప్రోగ్రాము సాధారణముగా తానే విరమించుకొనును. అప్పుడు మనిషి పూనుకొని వేళను ఒకమారు సరిచేయవలెను.

స్వల్పభేదమును మాత్రమది ఒక్క దూకున సరిచేయదు. కాలమును వెనుకకు త్రిప్పినచో ప్రశ్నకంటె జవాబే ముందు పుట్టినట్లు లెక్కలలో కనబడును. కావున గడియారపు నడకనే కొంచెము మందగింపజేయును. సెకండులో పదవవంతును దిద్దుటకు కనీసము 200 సెకండ్లు పట్టును.

ఒక్క సాక్షిని నమ్మరాదు; ఇద్దరు విభేదించినచో ఎవరిది నిజమో తెలియదు. నలుగురిని అడుగుట మేలు.

ఈ పరీక్షలన్నియు గడువు దినమునకు ముందే జరుగవలెను. నేడు దిద్దిన గడియారము, నిన్న ఆ బాలుని దరఖాస్తుపై పడిన వేళను మార్చజాలదు.