ఫ్రీ న్యూస్‌కి బిల్లు ఎవరు కడుతున్నారు? ఎద్వీ ప్లెనెల్ కథ

మీ ఫోన్‌లో ఏదో ఒక న్యూస్ యాప్ ఉండే ఉంటుంది. దానికి మీరు రూపాయి కట్టరు. కానీ అందులో పనిచేసే రిపోర్టర్‌కి జీతం వెళ్తుంది, ఆఫీసుకి అద్దె వెళ్తుంది, సర్వర్ ఖర్చు ఉంటుంది. మరి ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది? యాడ్స్ ఇచ్చే కంపెనీ నుంచో, ప్రభుత్వ ప్రకటనల నుంచో, ఓనర్‌కి ఉన్న వేరే వ్యాపారం నుంచో రావాలి. సరే, రేపు ఆ డబ్బు ఇచ్చేవాళ్ల మీదే ఒక వార్త రాయాల్సి వచ్చిందనుకోండి. అప్పుడేం జరుగుతుంది?

ఈ ప్రశ్నకి మాటలతో కాకుండా, ఒక కంపెనీ పెట్టి సమాధానం చెప్పిన మనిషి ఒకాయన ఫ్రాన్స్‌లో ఉన్నారు. పేరు ఎద్వీ ప్లెనెల్. ఈరోజు ఎపిసోడ్‌లో ఆయన కథ చూద్దాం.

ప్లెనెల్ 1952లో ఫ్రాన్స్‌లోని నాంత్ నగరంలో పుట్టారు. కానీ చిన్నతనం గడిచింది కరీబియన్ సముద్రంలోని మార్టినిక్ దీవిలో. అది ఫ్రాన్స్ పాలనలో ఉన్న ప్రాంతం. తండ్రి అక్కడ విద్యాశాఖలో పెద్ద అధికారి. 1959 డిసెంబర్‌లో ఆ దీవిలో అల్లర్లు జరిగి కొందరు కుర్రాళ్లు చనిపోయారు. తండ్రి వాళ్ల పక్షాన మాట్లాడారు. దాంతో ప్రభుత్వం ఆయన్ని ఆ పదవి నుంచి తప్పించింది. నిజం మాట్లాడితే ఇంట్లో ఏం జరుగుతుందో ఆ పిల్లాడు ఏడెనిమిదేళ్ల వయసులోనే చూశాడన్నమాట.

కుర్రతనంలో ప్లెనెల్ తీవ్ర వామపక్ష రాజకీయాల్లో తిరిగారు. ఆ పార్టీ పత్రిక 'రూజ్'లో మారుపేరుతో రాశారు. 1980లో 'ల మోంద్' పేపర్‌లో చేరారు. ఫ్రాన్స్‌లో అన్నిటికంటే గౌరవం ఉన్న దినపత్రికల్లో అదొకటి. మొదట విద్యారంగం వార్తలు, తర్వాత పోలీసు వార్తలు చూశారు. అసలు పేరు వచ్చింది 1985లో.

ఆ ఏడాది జులైలో న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ రేవులో గ్రీన్‌పీస్ సంస్థ ఓడ 'రెయిన్‌బో వారియర్'ని బాంబులు పెట్టి ముంచేశారు. ఫ్రాన్స్ చేసే అణు పరీక్షల్ని అడ్డుకోవడానికి బయల్దేరాల్సిన ఓడ అది. లోపలున్న ఫొటోగ్రాఫర్ ఒకాయన చనిపోయారు. 'మాకేం సంబంధం లేదు' అంది ఫ్రాన్స్ ప్రభుత్వం. సెప్టెంబర్‌లో ప్లెనెల్, ఆయన సహోద్యోగి కలిసి ల మోంద్‌లో ఒక వార్త రాశారు. బాంబులు పెట్టింది ఫ్రాన్స్ గూఢచారి సంస్థకి చెందిన ఒక టీమ్ అని. మూడు రోజుల్లో రక్షణ మంత్రి రాజీనామా చేశారు. ఆ వెంటనే ప్రధానమంత్రి టీవీ ముందుకొచ్చి నిజం ఒప్పుకున్నారు.

ఇక్కడే ఇంకో మలుపు. అప్పటి అధ్యక్షుడు మిత్తెరాన్ ఆఫీసులో ఒక రహస్య బృందం ఉండేది. చాలామంది ఫోన్లు చాటుగా విన్నారు. ఆ లిస్టులో ప్లెనెల్ కూడా ఉన్నారు. ఆ సంగతి ఏళ్ల తర్వాత బయటపడి కోర్టుకెక్కింది. 2005లో బాధ్యులకి శిక్షలు పడ్డాయి.

అయితే ఆయన్ని హీరోని చేసి వదిలేస్తే కథ సగమే చెప్పినట్టు. 1991లో ప్లెనెల్ ఒక పెద్ద తప్పు చేశారు. పనామా నియంత నోరియేగా దగ్గర్నుంచి ఫ్రాన్స్ సోషలిస్టు పార్టీకి డబ్బు వచ్చిందని రాశారు. చేతిలో డాక్యుమెంట్ ఉంది. తీరా చూస్తే ఆ డాక్యుమెంట్ నకిలీది. కాబట్టి ధైర్యం ఒక్కటే సరిపోదు. చేతికొచ్చిన కాగితాన్ని కూడా అనుమానించాలి. వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్ చూసి వెంటనే ఫార్వర్డ్ కొట్టే మనకి కూడా ఇది వర్తిస్తుంది.

1996లో ఆయన ల మోంద్‌కి ఎడిటర్ అయ్యారు. 2003లో ఆ పేపర్ నాయకత్వం మీద ఘాటు విమర్శలతో ఒక పుస్తకం వచ్చింది. గొడవలు ముదిరాయి, 2004 చివర్లో ఎడిటర్ పదవి వదిలేశారు. మరుసటి ఏడాది పేపర్ నుంచే బయటికొచ్చేశారు. పాతికేళ్లు పనిచేసిన చోటు అది. వయసు యాభై దాటింది.

2008 మార్చి. ఫ్రాన్స్వా బొనె, లొరాన్ మొద్యుయి లాంటి పాత సహోద్యోగులతో కలిసి 'మీడియాపార్ట్' అనే వెబ్‌సైట్ మొదలుపెట్టారు. రూల్స్ సింపుల్. ఒక్క యాడ్ కూడా ఉండదు. చదవాలంటే అప్పట్లో నెలకి 9 యూరోలు కట్టాల్సి ఉండేది. ఇంటర్నెట్‌లో అంతా ఫ్రీగా దొరుకుతుంటే డబ్బిచ్చి న్యూస్ ఎవరు చదువుతారు అని చాలామంది నవ్వారు. మొదట్లో నష్టాలే.

2012 డిసెంబర్‌లో అసలు పరీక్ష వచ్చింది. జెరోమ్ కాయుజాక్ అప్పుడు బడ్జెట్ మంత్రి. పన్ను ఎగవేసేవాళ్లని పట్టుకోవడం ఆయన పని. ఆయనకే స్విట్జర్లాండ్‌లో రహస్య బ్యాంకు ఖాతా ఉండేదని మీడియాపార్ట్ రిపోర్టర్ ఫాబ్రిస్ ఆర్ఫీ రాశారు. మంత్రి పార్లమెంటులో నిలబడి 'నాకు ఎప్పుడూ ఏ ఖాతా లేదు' అన్నారు. చాలామంది మంత్రినే నమ్మారు. ఆధారాలేవని మీడియాపార్ట్‌నే నిలదీశారు. నాలుగు నెలలు ఇలాగే నడిచింది. 2013 మార్చిలో మంత్రి రాజీనామా చేశారు. ఏప్రిల్ 2న ఖాతా ఉన్నది నిజమేనని ఒప్పుకున్నారు. అందులో ఉన్నది సుమారు 6 లక్షల యూరోలు. ఆ దెబ్బతో ఫ్రాన్స్‌లో మంత్రులు, ఎంపీల ఆస్తులు చూసే ప్రత్యేక సంస్థ వచ్చింది. ఆర్థిక నేరాలకి ప్రత్యేక ప్రాసిక్యూటర్ వ్యవస్థ కూడా వచ్చింది.

ఇప్పుడు ఆలోచించండి. ఆ నాలుగు నెలల్లో యాడ్స్ మీద బతికే సైట్ అయితే ఎన్ని ఫోన్లు వచ్చేవి? ఇక్కడ ఆపడానికి యాడ్సే లేవు. డబ్బిస్తున్నది పాఠకులు. అందుకే నిలబడింది.

కష్టాలు రాలేదని కాదు. అచ్చు పేపర్లకి 2.1 శాతం పన్ను, ఆన్‌లైన్ వార్తలకి దాదాపు 20 శాతం. ఇది అన్యాయమని మీడియాపార్ట్ బహిరంగంగానే తక్కువ రేటు కట్టింది. 2014లో చట్టం మారి రెండిటికీ ఒకే రేటు అయింది. అయినా పాత బకాయి, పెనాల్టీ కింద 40 లక్షల యూరోలకు పైగా కట్టాల్సి వచ్చింది. పాఠకులు విరాళాలిచ్చి సాయపడ్డారు. పన్ను ఎగవేత మీద వార్తలు రాసేవాళ్లే పన్ను తక్కువ కట్టారేంటని విమర్శలూ వచ్చాయి.

2019లో ఇంకో అడుగు వేశారు. వ్యవస్థాపకుల వాటాలన్నీ లాభాపేక్ష లేని నిధి చేతికి వెళ్లేలా ఏర్పాటు చేశారు. ఊరికే కాదు, వాటాలకి డబ్బు తీసుకున్నారు. కానీ ఆ తర్వాత మీడియాపార్ట్‌ని ఎవరూ కొనలేరు, ఎవరూ అమ్మలేరు. ఆ తర్వాతి ఏడాదికి సబ్‌స్క్రైబర్లు 2 లక్షలు దాటారు. 2024 మార్చిలో ప్లెనెల్ అధ్యక్ష బాధ్యతని కరీన్ ఫుతోకి అప్పగించి పక్కకి తప్పుకున్నారు.

ఈ మోడల్‌లో లోపం లేదా అంటే ఉంది. డబ్బు కట్టలేనివాళ్లు ఆ వార్తలు పూర్తిగా చదవలేరు. ఫ్రీగా దొరికేది అబద్ధం, నిజం చదవాలంటే డబ్బు కట్టాలి అనే పరిస్థితి వస్తే అది కూడా ప్రమాదమే. దీనికి ప్లెనెల్ దగ్గర కూడా పూర్తి జవాబు లేదు.

ప్రతి యాప్‌కీ డబ్బు కట్టమని నేను చెప్పట్లేదు ఫ్రెండ్స్. ఈసారి ఒక వార్త చదివేటప్పుడు దీనికి బిల్లు ఎవరు కట్టారు అని ఒక్క క్షణం ఆలోచించండి. అలాగే, ఏ వార్త అందులో కనిపించట్లేదో కూడా చూడండి. మీరు న్యూస్‌కి డబ్బు కడతారా, కట్టరా? ఎందుకో కామెంట్‌లో చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.