మాండలిక పద సేకరణమునందు వెడల్పు పట్టికలు

మాండలికములను గూర్చి పరిశోధించువారు నేడు పదములను కాగితపు చీట్లమీద గాక కంప్యూటరు పట్టికలలో కూర్చుచున్నారు. ఈ మార్పు మేలైనదే. కాని చీట్లపెట్టెకు లేని యొక చిక్కు పట్టికకు కలదు. పెట్టెలో చోటు చాలకున్న మరియొక పెట్టె తెచ్చుకొందుము. పట్టికలోని నిలువు వరుసలకు, అనగా కాలమ్‌లకు, సాఫ్ట్‌వేరు విధించిన హద్దు ఒకటి యుండును. ఆ హద్దు ఏల యేర్పడినదో, దానికి తగిలిన పరిశోధకుడు చేయదగిన దేమో టెక్కలి ప్రాంతపు పద సేకరణమును ఉదాహరణముగా గైకొని ఈ వ్యాసమున వివరింప దలచితిమి.

ఈ రంగమున మనకు ఒరవడి యైన గ్రంథము మాండలిక వృత్తి పదకోశము. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున దాని మొదటి సంపుటమును, వ్యవసాయ పదములతో, ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో ప్రకటించినది. చేనేత పదముల సంపుటము 1971లో వెలువడినది. కోస్తా రైతు నాగలి యన్నదానిని రాయలసీమ రైతు మడక యనుట వంటి భేదములు ఒక క్రమమున కూర్చినప్పుడే శాస్త్రమునకు పనికివచ్చునని ఆ గ్రంథము చూపినది.

ఇప్పుడొక విద్యార్థి టెక్కలి మొదలుకొని పలాస మీదుగా ఉద్దానపు తీరము వెంట ఇచ్ఛాపురము వరకు వృత్తి పదములను సేకరింప బూనెననుకొందము. కొద్ది మైళ్ళ నడుమనే వరిపొలము, కొబ్బరితోట, జీడిమామిడితోట, సముద్రపు వేట, పలాసలోని జీడిపప్పు పరిశ్రమ, ఇన్ని వృత్తులు కలిసియున్న సీమ యిది. ఉత్తరమున ఒడియా, కొండల వైపున సవర భాష వినవచ్చును. ఇట్టి చోట ఒక వస్తువునకు ఒక్కటే పేరు దొరకుట అరుదు. (సమీపముననున్న పర్లాకిమిడిలోనే గిడుగు రామమూర్తిగారు సవర భాషకు జీవితమున పెద్దభాగము ధారపోసిరి. వారికి కంప్యూటరు లేదు. దానివలన వారి పనికి లోపమేమియు కలిగినట్లు తోచదు.)

విద్యార్థి వద్ద 300 ప్రశ్నలు కలవనుకొందము. అతడు సహజముగా చేయు పని యేమన, ఒక్కొక్క వక్తకు ఒక అడ్డువరుస, ఒక్కొక్క ప్రశ్నకు ఒక నిలువువరుస యేర్పరచుట. ఎక్సెల్‌లో ఇది సాగిపోవును. దానిలో 16,384 నిలువువరుసలు కలవు. కొన్నాళ్ళకు వక్తలు రెండేసి, మూడేసి పేర్లు చెప్పుట చూచి ప్రతి ప్రశ్నకు మూడు వరుసలు కేటాయించును: అవి 900 అయినవి. ప్రతి పదమునకు ఉచ్చారణ వేరుగా వ్రాయవలెనన్న 1,800. నాలుగవ పేరు చెప్పు వక్త యెదురైనచో ఏమి చేయవలెనో అతడు ఇంకను ఆలోచింపలేదు.

ఈ పట్టికను డేటాబేసులోనికి మార్చబోయినప్పుడు హద్దులు బయటపడును. మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో ఒక పట్టికకు 255 వరుసలే. తొలి 300 ప్రశ్నలే పట్టవు. మై ఎస్‌క్యూఎల్‌లో సాధారణముగా వాడబడు ఇన్నోడీబీ పద్ధతిలో 1,017, ఎస్‌క్యూఎల్ సర్వరులో మామూలు పట్టికకు 1,024, పోస్ట్‌గ్రెస్‌లో 1,600. ఒరాకిల్ చిరకాలము 1,000 వద్ద నిలిచి, ఇటీవలి రూపములో కోరినవారికి 4,096 వరకు అనుమతించుచున్నది.

సంఖ్యల కంటె వాని వెనుకనున్న కారణము ముఖ్యమైనది. పోస్ట్‌గ్రెస్ తన సమాచారమును 8,192 బైట్ల పుటలలో దాచును. ఒక అడ్డువరుస ఒక పుటలో ఇమిడి తీరవలెను. మిక్కిలి పొడవైన పాఠమును వేరొకచోట నుంచి, పుటలో 18 బైట్ల గుర్తును మాత్రము వదలును. చిన్న పదముల విషయమున ఈ యుపాయము పారదు. పదము కంటె గుర్తే పెద్దదగును. ఇచ్చట తెలుగువారు గమనింపవలసిన విశేషమొకటి కలదు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరమునకు ఒక బైటు చాలును; తెలుగున అచ్చునకు, హల్లునకు, గుణింతపు గుర్తునకు, పొల్లునకు ఒక్కొక్కదానికి మూడేసి బైట్లు కావలెను. నాగలి యను పదమున గుర్తులు ఐదు, బైట్లు 15. పొడవును దెలుపు బైటుతో 16. సగటున ఇంతటి పదములే యనుకొన్నను పుటలో 512కు మించి పట్టవు.

కనుక 900 వరుసల పట్టికను పోస్ట్‌గ్రెస్ ఏ ఆక్షేపణయు లేక నిర్మించి యిచ్చును. ఖాళీ గడికి అది దాదాపు చోటే వాడదు గావున, వంద ప్రశ్నలకు మాత్రమే బదులు చెప్పిన వక్త నిరాటంకముగా చేరిపోవును. ప్రతి వస్తువునకు రెండు మూడు పేర్లు తెలిసిన వృద్ధుని వరుస మాత్రము పుటలో పట్టక తిరస్కృతమగును. ఎవరి మాటలకొరకు విద్యార్థి ఊరూర తిరిగెనో వారినే పట్టిక వెలివేయును! మై ఎస్‌క్యూఎల్ ఈ విషయమున కొంత నయము. ఒక వరుసలోని గడుల గరిష్ఠ పరిమాణములన్నియు కలిసి 65,535 బైట్లకు మించరాదని అది ముందే లెక్క చూచును. గడికి 50 అక్షరముల చొప్పున 900 గడులు కోరినచో పట్టికనే నిర్మింపనీయదు. మొదటనే తగిలిన అడ్డంకి, సేకరణము సగమైన పిదప తగులు అడ్డంకి కంటె మేలని మా యభిప్రాయము.

పొరపాటున చేర్చిన వరుసలను తొలగించినచో హద్దు సడలునని కొందరి నమ్మకము. పోస్ట్‌గ్రెస్‌లో తొలగించిన వరుసలును 1,600 లెక్కలోనే యుండును. ఇక ఎస్‌క్యూఎల్ సర్వరులో ఖాళీలు మెండుగా గల పట్టికలకై 30,000 వరుసల వరకు వీలు కల్పించిరి. అది సాధ్యమని తెలిసికొనుట మంచిదే. మన పనికి అదియే తగినదనుట వేరుమాట.

ప్రశ్నలను అడ్డముగా, గ్రామములను నిలువుగా వ్రాయువారును కలరు. అచ్చులో అది చూడముచ్చటగా నుండును. కాని కొత్త గ్రామము చేరినప్పుడెల్ల పట్టిక నిర్మాణమునే మార్చవలసివచ్చును. గ్రామములకు బదులు పాలనా విభాగములను నిలువు వరుసలుగా పెట్టినచో చిక్కు ఇనుమడించును. టెక్కలి ప్రాంతము 1936 వరకు గంజాము జిల్లా. ఒరిస్సా యేర్పడిన పిదప విశాఖపట్టణము జిల్లా. 1950 నుండి శ్రీకాకుళము జిల్లా. 1985లో తాలూకాలు పోయి మండలములు వచ్చినవి. 2022లో పలాస, సోంపేట, ఇచ్ఛాపురము టెక్కలి డివిజను నుండి విడివడి పలాస డివిజనులో చేరినవి. మాట మారలేదు, ఊరు కదలలేదు. వరుస పేరు మాత్రము నాలుగు మారులు మార్చవలెను.

ఐబీఎం సంస్థలో పనిచేసిన కాడ్ 1970లో ప్రతిపాదించిన సంబంధ నమూనాలో ఈ సమస్యకు మార్గము కలదు. నిలువువరుస ఒక వాక్యమునందలి స్థానము వంటిది. అడ్డువరుస ఆ వాక్యము. "ఈ వక్త, ఈ ప్రశ్నకు, ఈ మాట చెప్పెను" అనునది మన వాక్యము. కావున వక్త, ప్రశ్న, పదము, పదక్రమము, ఉచ్చారణ అను ఐదు నిలువువరుసలు చాలును. 60 మంది వక్తలు 300 ప్రశ్నలకు ఒక్కొక్క మాటయే చెప్పినను 18,000 అడ్డువరుసలగును. ఆ సంఖ్యను చూచి బెదరనక్కరలేదు. పైన జెప్పిన డేటాబేసులకు అది అత్యల్పము. నాలుగవ పేరు వచ్చిన మరియొక అడ్డువరుస చేరును, అంతే. వక్తల వయస్సు, వృత్తి, గ్రామము ఒక పట్టికలో. గ్రామముల వివరములు మరియొకదానిలో. ప్రశ్నలు ఇంకొకదానిలో నుండవలెను. డివిజను మారినప్పుడు గ్రామముల పట్టికలో ఆయా గడులను దిద్దినచో సరిపోవును.

అయితే ఈ పద్ధతి సర్వరోగ నివారిణి కాదు. వయస్సు, స్త్రీపురుష భేదము మొదలగువానిని గూడ ప్రశ్న-జవాబు రూపమున ఇదే పట్టికలో కుక్కువారిని చూచితిమి. వక్తకు వయస్సు ఒక్కటే; దానికి తన పట్టికలో తనకొక నిలువువరుస యుండుటయే న్యాయము. అచ్చటనైతే సంఖ్యలే వ్రాయవలెనను నియమము పెట్టవచ్చును.

ఖాళీల సంగతి ఇంతకంటె సున్నితమైనది. వెడల్పు పట్టికలో ఖాళీ గడికి మూడర్థములు కలవు: ప్రశ్న అడుగలేదు, వక్త తెలియదనెను, ఆ వస్తువే ఆ యూరలేదు. మూడింటిని ఒకటిగా లెక్కించిన పరిశోధకుడు ఉద్దానమున ఫలానా మాట లేదని వ్రాయును. నిజమునకు ఆనాడు చీకటిపడి ప్రశ్న అడుగక వచ్చియుండును. నిడుపు పట్టికలో అడ్డువరుస లేకపోవుటయు తనంతట తాను ఈ భేదమును చెప్పజాలదు. అందుచే ఆరవ నిలువువరుస నొకటి చేర్చి, అడిగిన ప్రతి ప్రశ్నకు, జవాబు రాకున్నను, స్థితిని వ్రాయవలెను. అప్పుడు అడ్డువరుస లేనిచో ప్రశ్న అడుగలేదనియే అర్థము.

సిద్ధాంత గ్రంథమునకు గ్రామముల వారీ పట్టిక కావలసినప్పుడు ఈ నిడుపు పట్టిక నుండి దానిని ఎస్‌క్యూఎల్ ఆజ్ఞతో తీసికొనవచ్చును. అది అచ్చునకు మాత్రమే. దిద్దుబాటులు దానిలో చేయక, మూల పట్టికలో చేసి మరల తీసికొనవలెను.