స్ట్రాబెరీ పెరుగుదల, ఫలోత్పత్తి - వృద్ధి నియంత్రకాల పాత్ర

కీలక పదాలు: స్ట్రాబెరీ, వృద్ధి నియంత్రకాలు, ఆక్సిన్, జిబ్బరెల్లిన్, పుష్పాసనం.

1. ఉపోద్ఘాతం:
అతిస్వల్ప పరిమాణంలోనే మొక్క పెరుగుదలను, పూతను, పక్వదశను నిర్దేశించే పదార్థాలను వృద్ధి నియంత్రకాలు అంటారు. ఇవి మొక్కలోనే ఉత్పత్తి కావచ్చు, బయటినుండి అందించవచ్చు. ఎరువు మొక్కకు పోషకాన్ని ఇస్తుంది. నియంత్రకం ఆదేశాన్ని ఇస్తుంది. అందువల్ల ఒకే నియంత్రకం ఒక దశలో మేలును, మరొక దశలో కీడును కలిగించగలదు. ఈ అంశాన్ని స్ట్రాబెరీ ఆధారంగా వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. కాయ పెరుగుదల - ఆక్సిన్:
స్ట్రాబెరీలో మనం తినే ఎర్రని కండ ఉబ్బిన పుష్పాసనం. అది అండాశయం నుండి ఏర్పడదు కనుక వృక్షశాస్త్రం దానిని అనృతఫలం అంటుంది. దానిపై గింజలవలె కనిపించే ఎకీన్లే నిజమైన ఫలాలు. 1950లో జె.పి. నిచ్ ప్రకటించిన ప్రయోగాలలో, లేతకాయ నుండి ఎకీన్లన్నింటినీ తొలగించగా పెరుగుదల ఆగిపోయింది. ఆక్సిన్ గుణంగల పదార్థాన్ని లానోలిన్‌తో కలిపి పూయగా కాయ మళ్లీ పెరిగింది. కొన్ని ఎకీన్లను మాత్రమే ఉంచినప్పుడు వాటి పరిసరాలలోనే కండపట్టింది. పరాగసంపర్కం సరిగా జరగని కాయలు వంకర తిరగడానికి కారణం ఇదే.

కాయ ముదిరేకొద్దీ ఎకీన్ల నుండి ఆక్సిన్ సరఫరా తగ్గుతుంది. అబ్సిసిక్ ఆమ్లం ప్రభావం పెరిగి కాయ ఎరుపెక్కుతుంది. ఆ దశలో ఆక్సిన్‌ను బయటినుండి అందిస్తే పండటం ఆలస్యమవుతుంది. కాయను పెంచినదే పండనీయకుండా ఆపుతుందన్నమాట.

3. రన్నర్లు, పూత - జిబ్బరెల్లిన్:
ఆకు గ్రీవంలోని మొగ్గకు రెండు మార్గాలున్నాయి: నేలపై పాకే రన్నర్‌గా సాగడం, పూగుత్తినిచ్చే పొట్టికొమ్మగా మారడం. జిబ్బరెల్లిన్ దానిని మొదటి మార్గానికి మళ్లిస్తుంది. పగటి నిడివి తగ్గినప్పుడు పూతకు వచ్చే రకాలలో పూమొగ్గలు ఏర్పడటాన్ని అణచివేస్తుంది. రన్నర్ల ద్వారా పిల్లమొక్కలు లభిస్తాయి కనుక నారుమడిలో ఇది లాభం, పండ్లతోటలో నష్టం. జిబ్బరెల్లిన్ తయారీని అడ్డుకునే ప్రోహెక్సాడయోన్ కాల్షియం వంటి పదార్థాలు రన్నర్లను తగ్గిస్తాయి.

4. ముగింపు:
మహారాష్ట్రలోని మహాబలేశ్వరంలోనే కాక, మన లంబసింగి ప్రాంతంలోనూ స్ట్రాబెరీ సాగవుతోంది. ఈ పదార్థాలను రైతుకు 'పెరుగుదల మందు' అని మాత్రమే పరిచయం చేస్తే, ఏ దశలో, ఏ ప్రయోజనానికి అనే ప్రశ్నలు మరుగునపడతాయి. ఆ పొరపాటు ఒక పంటకాలపు పూతనే హరించవచ్చు. 'నియంత్రకం' అనే పారిభాషిక పదంలో పెంచడం, నిలపడం రెండూ ఇమిడి ఉన్నాయి. వ్యవసాయ విజ్ఞానాన్ని తెలుగులో రాసేవారు ఆ రెండర్థాలనూ నిలుపుకోవలసి ఉంది.