మీకు తెలుసా? ‘చందమామ’లో పేరు వేసుకోని మాయా సీరియళ్లు

1954లో పిల్లల మాసపత్రిక ‘చందమామ’లో వచ్చిన ‘తోకచుక్క’ మొదలు 1978 దాకా ‘కంచుకోట’, ‘జ్వాలాద్వీపం’, ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’ వంటి 12 జానపద సీరియళ్లను పత్రిక సిబ్బందిలో ఒకరైన దాసరి సుబ్రహ్మణ్యం ఒక్కరే రాశారు. సిబ్బంది పేర్లు వేసే ఆనవాయితీ అక్కడ ఉండేది కాదు. అందుకే బొమ్మల కింద చిత్రకారుడు చిత్రా సంతకాన్ని ఇట్టే పోల్చుకునే పిల్లలకు కథ ఎవరిదో ఏళ్ల తరబడి తెలియలేదు.

మాంత్రికుడంటే దుష్టుడే అన్న లెక్క ఈ కథల్లో కుదరదు. వీటిలో ఒకటైన ‘మాయాసరోవరం’లో సిద్ధసాధకుడు చూడటానికి అచ్చం కాపాలికుడే: చేతిలో శూలం, నోట మహాకాలుడి పేరు, మాటకు ముందు బెదిరింపు. అయినా కథానాయకుడు జయశీలుడికి నమ్మకమైన తోడు అతడే. నవ్వించేదీ ఎక్కువగా అతడే.