నాగయ్య పాట నడిచిన దారి

అమెరికాలో బడ్డీ హోలీ అనే కుర్రవాడు 1959లో విమానం కూలి మరణించాడు. అప్పటికి అతని వయస్సు 22 ఏళ్ళు. రాక్ అండ్ రోల్ అనే కొత్త బాణీ పాటకు తొలినాటి తారల్లో అతడొకడు. అతని బృందం పేరు ‘క్రికెట్స్’, అంటే కీచురాళ్ళు. ఆ పేరు మీది మోజుతో ఇంగ్లండులో నలుగురు కుర్రాళ్ళు తమకూ ఒక పురుగు పేరునే తగిలించుకున్నారు. లోకాన్ని ఊపివేసిన ‘బీటిల్స్’ వాళ్ళే. తాము ఎవరిని విని పాటగాళ్ళమయ్యామో వాళ్ళు దాచుకోలేదు. 1964లో హోలీ పాటనొకదాన్ని తామే పాడి రికార్డు చేశారు. ఎవరి దగ్గర ఏమి తీసుకున్నామో చెప్పుకోవడం ఆ దేశాల్లో చిన్నతనం కాదు.

మరి మన సంగతేమిటి? ఘంటసాల పేరు తెలియని తెలుగువాడు లేడు. బాలసుబ్రహ్మణ్యం పేరు చెబితే పాలు తాగే పసివాడు కూడా తలెత్తి చూస్తాడు. వీరికి ముందు వెండితెర మీద పాటకు రాజుగా వెలిగిన చిత్తూరు వి. నాగయ్య పేరు చెప్పండి. “ఎవరు, తెల్లగడ్డం పెట్టుకొని తండ్రి వేషాలు వేసే ఆయనా?” అంటారు. ఆ నాగయ్యను పాటగానిగా, కథానాయకునిగా నిలబెట్టినవారిలో ముఖ్యుడు మా పులివెందుల తాలూకా మనిషి. ఈ ముచ్చట ఇక్కడివారికే తెలియకుండా పోతున్నదే అన్న బాధతో ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

నాగయ్య చేసిన పని ఎంతటిదో తెలియాలంటే, అంతకుముందు మన పద్యం ఎట్లా ఉండేదో ముందు తెలియాలి. సురభి నాటకాలు ఎరుగనివారుండరు. ఆ సురభి మా ప్రాంతపు పల్లెటూరే, చక్రాయపేట మండలంలో ఉన్నది. 1885లో అక్కడ ఒక పెండ్లి సందర్భంలో వనారస వారు ‘కీచకవధ’ ఆడినారు. తోలుబొమ్మలాడించే కుటుంబం తామే బొమ్మలై రంగమెక్కింది. నాటినుంచి పద్యనాటకం తెలుగునాడంతా అల్లుకుపోయింది. ఆ రోజుల్లో మైకులు లేవు. వేలమంది జనం; చివరి వరుసలో గొంగడి కప్పుకొని కూర్చున్న రైతుకు కూడా పద్యం వినబడాలి. అందుచేత నటుడు శ్రుతి హెచ్చించి గొంతెత్తవలసిందే. పద్యం ముగిశాక ఒక నిమిషం పాటు రాగం తీయవలసిందే. జనం వన్సుమోరు కొడితే, కొడుకు శవం పక్కనే ఉన్నా, హరిశ్చంద్రుడు కన్నీళ్ళు తుడుచుకొని మళ్ళీ అదే పద్యం ఎత్తుకొనేవాడు! నవ్వవద్దు. ఆ గొంతులు సామాన్యమైనవి కావు. అయితే రాగం ముందు నడుస్తూ ఉంటే, మాట దాని వెనుక పరుగెత్తవలసి వచ్చేది.

నాగయ్య కూడా ఆ రంగస్థలం మీదినుంచి వచ్చినవారే. 1904లో రేపల్లెలో పుట్టి, చిత్తూరు నాటక సమాజంలో పేరు తెచ్చుకొని, ఆ ఊరి పేరే ఇంటిపేరు చేసుకున్నారు. 1938లో హెచ్. ఎం. రెడ్డి తీసిన ‘గృహలక్ష్మి’లో తెరకెక్కి, కల్లు మానమని చెప్పే పాటతో జనం నోళ్ళలో నానారు. ఆ చిత్రం తీసిన రోహిణీ సంస్థలో భాగస్వామిగా బి. ఎన్. రెడ్డి ఉన్నారు. ఆయన 1908లో పులివెందుల తాలూకా కొత్తపల్లెలో పుట్టినవారు. తాడిపత్రి మూలా నారాయణస్వామి అండతో ఆయన వాహినీ సంస్థ పెట్టినప్పుడు నాగయ్యను వెంట తీసుకువెళ్ళారు. ‘వందేమాతరం’ 1939లో, ‘సుమంగళి’ 1940లో, ‘దేవత’ 1941లో వచ్చాయి. మూడింటిలోనూ నాగయ్యే ప్రధాన నటుడు, నాగయ్యే గాయకుడు, నాగయ్యే సంగీత దర్శకుడు!

ఆయన కనిపెట్టిన రహస్యం చెబితే చాలా చిన్నదిగా కనిపిస్తుంది: మైకు అనేది చెవి. చెవి దగ్గర ఎవరూ అరవరు. నాగయ్య గొంతు దించారు. రాగాన్ని మాటకు కాపలా పెట్టారు. పద్యాన్ని అర్థం తెగేచోటనే విరిచారు, యతి కోసం అర్థాన్ని విరవలేదు. చివర రాగం తీసినా, చెప్పిన మాటలోని బరువు చెదరనంత వరకే తీశారు. బెంగటిల్లినవాడు ఎట్లా పాడుకుంటాడో అట్లా పాడారు. రెండువేల మందికి వినిపించవలసిన పద్యం ఒక్కరి చెవిలో చెప్పినట్లయింది. చిత్రమేమంటే, అట్లా చెప్పిందే లక్షలమందికి వినిపించింది.

వాహినిలో లెక్కలు చూసే ఉద్యోగంలో ఉన్న తాడిపత్రి కుర్రవాడు కె. వి. రెడ్డి దర్శకుడై 1943లో ‘భక్త పోతన’, 1947లో ‘యోగి వేమన’ తీశారు. రెండింటికీ నాగయ్యే ప్రాణం. పోతన భాగవతాన్ని ఒంటిమిట్ట రామునికి అంకితమిచ్చాడని నమ్మే జిల్లా మాది. వేమన పద్యం నోటికి రాని ముసలివాడు లేని సీమ మాది. ఆ చిత్రాలు ఇక్కడ ఎట్లా ఆడి ఉంటాయో వేరే చెప్పాలా? జమ్మలమడుగులో డేరా సినిమాకు ‘యోగి వేమన’ మళ్ళీ వచ్చినప్పుడు, చివరి ఘట్టంలో పక్కనున్న పెద్దలు చేతులు జోడించడం చూశానని మా నాన్నగారు చెప్పేవారు. వన్సుమోరు అన్నవాడు ఒక్కడూ లేడట. అక్కడే ఉన్నది తేడా.

ఇక ఘంటసాల. విజయనగరంలో పట్రాయని సీతారామశాస్త్రిగారి శిష్యరికం చేసి, 1942 ఉద్యమంలో జైలుకు వెళ్ళి, మద్రాసు చేరి అవకాశాల కోసం తిరుగుతున్న యువకుడు. నాగయ్య చిత్రాల్లో చిన్నచిన్న వేషాలు కూడా వేశాడు. బి. ఎన్. రెడ్డిగారి ‘స్వర్గసీమ’ 1945లో వచ్చింది. దాని సంగీతం బాధ్యత నాగయ్యది. అందులో భానుమతితో కలిసి పాడే అవకాశం ఘంటసాలకు దొరికింది. అందుకు 116 రూపాయలు ముట్టాయని చెప్పుకుంటారు. అది మన సంప్రదాయంలో సంభావన లెక్క కూడాను! ఆ చిత్రంలోనే భానుమతిని ఇంటింటికీ తీసుకుపోయిన పావురం పాటకు బాణీ కట్టింది నాగయ్య కాదు, బాలాంత్రపు రజనీకాంతరావు. హాలివుడ్ చిత్రం ‘బ్లడ్ అండ్ శాండ్’లోని పాట ఒకటి దానికి ప్రేరణ. తానే సర్వమూ అయి ఉండి, కుర్రవారి కొత్తదనానికి చోటు విడిచిన పెద్దమనిషి నాగయ్య. ‘దేవత’లో ఆయన పక్కన పాడిన బాలిక టంగుటూరి సూర్యకుమారి తరువాత అమెరికాలోనూ లండనులోనూ కళాకారిణిగా పేరు గడించింది. ఆయన రేణుకా ఫిలింస్ 1943లో తీసిన ‘భాగ్యలక్ష్మి’లో కమలా కొట్నీస్‌కు రావు బాలసరస్వతీదేవి గొంతు ఇచ్చింది. తెలుగులో నేపథ్యగానం అన్నది పేరు వేసుకొని వచ్చింది ఆ చిత్రంతోనే అంటారు. తన పాట తానే పాడుకొనే నటుల కాలం చెల్లిపోవడానికి, అటువంటి నటుల్లో అగ్రగణ్యుడే తలుపు తీశాడన్నమాట.

ఆ తలుపులోనుంచి వచ్చిన ఘంటసాల, నాగయ్యను అనుకరించలేదు. అనుకరించి ఉంటే ఈనాడు మనకు గుర్తుండేవాడు కాడు. రంగస్థలపు గొంతులోని నిండుదనం ఒక చేత, నాగయ్య మాటలోని మర్యాద ఒక చేత పట్టుకొని రెండింటినీ కలిపాడు.

ఈ సంగతి నాకంటె మా పిల్లలే బాగా చెప్పారు. ప్రొద్దుటూరులో నా తరగతిలో ఒకనాడు మూడు పద్యాలు వినిపించాను: ఒక పాత నాటక గాయకుడిది, ‘పోతన’లో నాగయ్యది, ఆ తరువాత ఘంటసాలది. పేర్లు చెప్పలేదు. సింహాద్రిపురం వైపునుంచి వచ్చే ఒక కుర్రవాడు లేచాడు.

“మొదటాయప్ప మనకందరికీ వినపడల్లని పాడినాడు సార్. రెండో ఆయప్ప దేవునితో మాట్లాడుకుంటాండాడు.”

“మరి మూడో ఆయన?”

“రెండూ చేసినాడు.”

ఎం. ఏ. చదివి నేను పది పేజీలు రాసినా ఇంతకంటె ఎక్కువ చెప్పలేను.

ఘంటసాలను వింటూ పెరిగిన బాలసుబ్రహ్మణ్యం 1966లో తొలి పాట పాడి, 1969లో ‘ఏకవీర’లో ఆయనతోనే గొంతు కలిపాడు. మాట స్పష్టంగా పలకడం అక్కడినుంచి వచ్చిన ఆస్తి. ఏ నటుడికి పాడితే ఆ నటుడి గొంతుకు దగ్గర కావడం తాను గడించుకున్నది. 1980లో వచ్చిన ‘శంకరాభరణం’లో త్యాగరాజ కీర్తనలు పల్లెల్లో కూడా మారుమోగాయి. సినిమాలో త్యాగరాజును వింటారా అన్న శంక అప్పుడెవరికైనా కలిగి ఉంటే, 1946లో నాగయ్య తానే తీసి, తానే నటించి, తానే పాడిన ‘త్యాగయ్య’ దానికి ఎన్నడో సమాధానం చెప్పింది. 1997లో ‘అన్నమయ్య’ వచ్చింది. తాళ్ళపాక మా సీమదే. ఆ పాటలకు కన్నీళ్ళు పెట్టుకున్నవారిలో, వాగ్గేయకారుణ్ణి తెరమీద నిలబెట్టే దారి వేసిందెవరని అడిగినవారు ఎందరు?

నాగయ్యకు 1965లో పద్మశ్రీ వచ్చింది. సంపాదించినదంతా దానధర్మాలకూ, సొంత చిత్రాలకూ కరిగిపోయింది. ఒకనాడు ఆయన పాడితే నిశ్శబ్దమైపోయిన హాళ్ళలో, తరువాత ఆయన రెండు మూడు దృశ్యాల తండ్రిగా కనిపించి వెళ్ళిపోయేవారు. 1973 డిసెంబరు 30న మద్రాసులో కన్నుమూశారు. ఆరు వారాలకు, 1974 ఫిబ్రవరి 11న, ఘంటసాల కూడా వెళ్ళిపోయారు. తెలుగుదేశం ఘంటసాల కోసం ఏడ్చింది. ఏడవవలసిందే. కాని ఆ దుఃఖంలో ముందటి మరణం మరుగున పడిపోయింది.

మా పల్లెల్లో ఇప్పటికీ తిరునాళ్ళకు నాటకాలు వేస్తారు. హార్మనీ వాయించేవారు ఉన్నారు, పద్యం నేర్చుకొనే పిల్లలున్నారు. ఇప్పుడు ప్రతి రంగస్థలం మీదా మైకు ఉన్నది. అయినా గొంతు చించుకొనేవారే ఎక్కువ. వారికి నేను చెప్పేది ఒక్కటే. ఘంటసాలను నేర్చుకోండి, బాలును నేర్చుకోండి. దానికి ముందు ఒక్క రాత్రి నాగయ్య ‘పోతన’ వినండి. పద్యం ఎవరికి చెప్పాలో తెలిస్తే, ఎంత గొంతుతో చెప్పాలో తనంతట తానే తెలుస్తుంది.